వేరే కుక్క మందుల చీటీ

అమీర్‌పేటలో జిరాక్స్ షాపు నడిపిన పదకొండేళ్లలో నేను గట్టిగా నమ్మిన మాట ఒక్కటే. పనికిమాలిన కాగితాన్ని ఎవరూ కాపీ తీయించరు. మా గల్లీలో అది నిజం కూడా. పై మూడంతస్తుల్లో జావా, ఎదురుగా ఆరకిల్, మూల మీద టెస్టింగ్ టూల్స్. ఏ బ్యాచ్‌లో ఎవరి నోట్సు బాగుంటే ఆ నోట్సే నా మిషన్ మీదికి వచ్చేది. బాగాలేని నోట్సు రాసినవాడితోపాటే ఊరికి వెళ్లిపోయేది. ఒకే కాగితం నా దగ్గరికి నాలుగోసారి వచ్చిందంటే దాన్ని చదివి ఎవరికో ఉద్యోగం వచ్చిందన్నమాటే. ఆ కోర్సుల పేర్లు నాకు నోరు తిరిగేవి కావు. అయినా కొత్తగా దిగిన పిల్లలు ఏ నోట్సు కొనాలని నన్నే అడిగేవాళ్లు. "గా గుండ్రటి అక్షరాలది తీస్కో, గది మస్తు పోతున్నది" అని చెప్పేదాన్ని. వాళ్లు నా మాట నమ్మేవాళ్లు, నేను కాగితాన్ని నమ్మేదాన్ని.

షాపు నాది. మా ఆయనకు సనత్‌నగర్‌లో ఒక లేత్ వర్క్‌షాపులో పని. పొద్దున తొమ్మిదికి షట్టర్ ఎత్తితే మళ్లీ దించేదాకా నేనూ, రెండు మిషన్లూ, ఒక కుక్క.

ఆ కుక్కకు ఒక పేరు ఉండేది. ఇక్కడ రాయను. రాస్తే ఈ పేజీ దాటలేను. అదసలు మాది కాదు. పక్క బిల్డింగ్ హాస్టల్లో ఇద్దరమ్మాయిలు దొంగచాటుగా పెంచుకున్నారు. బెంగళూరులో ఉద్యోగాలు రాగానే "అక్కా, రెండు రోజులు చూస్కో, వచ్చి తీస్కపోతం" అని నా కౌంటర్ మీద పెట్టి, వెనక్కి చూడకుండా పోయారు. ఆ రెండు రోజులు మూడేళ్లయ్యాయి. మొదట్లో ఆ పిల్లల్ని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. తర్వాత ఎక్కడ తిరిగొచ్చి అడుగుతారోనని భయపడ్డాను.

తెల్లగా, బొచ్చుగా, పామేరియన్‌లాగే ఉండేది కానీ చెవులు మాత్రం అచ్చం గల్లీ కుక్కవి. పెద్ద మిషన్ పక్కన వేడిగాలి వచ్చే చోట పడుకునేది. టోనర్ పొడి అంటుకుని మధ్యాహ్నానికల్లా బూడిదరంగుకు తిరిగేది. ఇంటర్వ్యూకి వెళ్లే పిల్లలు రెజ్యూమె కాపీలు తీసుకుని, దాని తల ఒకసారి నిమిరి మరీ వెళ్లేవాళ్లు. ఉద్యోగం వచ్చినవాళ్లు బిస్కెట్ పొట్లం తెచ్చేవాళ్లు. నాకు కోపం ఎక్కువ. చిల్లర లేదన్నవాడి మీద, కాగితం నలిపి ఇచ్చినవాడి మీద, మా ఆయన మీద, అందరి మీదా అరిచేదాన్ని. దాని మీద ఒక్కసారి కూడా గొంతెత్తలేదు. ఎందుకో నాకూ తెలియదు.

గోమార్లు పట్టేవి దానికి. పిడుదులంటారు కొందరు. మా వైపు గోమార్లే. ఆదివారం దాన్ని ఒళ్లో వేసుకుని, చెవుల లోపల, వేళ్ల సందుల్లో వెతికి, పీకి, కిరసనాయిలు పోసిన సీసా మూతలో వేసేదాన్ని. వారం తిరిగేసరికి మళ్లీ అన్నీ ఉండేవి. ఎక్కడినుంచి వస్తున్నాయో అర్థమయ్యేది కాదు. మిషన్ వెనక గోడ పగుల్లో గోధుమరంగు చుక్కలు పైకి పాకుతుంటే ఏవో గోడపురుగులనుకుని చీపురుతో దులిపేసేదాన్ని. ఏ వేడిగాలి దానికి హాయని మురిసిపోయానో, అదే వేడికి ఆ పగుల్లో అవి గుడ్లు పెట్టి పెరుగుతున్నాయని తర్వాత డాక్టరు చెప్తే తెలిసింది.

వానలు వెనకపట్టాక ఒక సోమవారం అది అన్నం ముట్టలేదు. మంగళవారం ఒళ్లు కాలిపోయింది. నా కాళ్ల మీద గడ్డం ఆనించి, కళ్లు మూసుకోకుండా అలాగే పడి ఉంది. ఎవరొచ్చినా లేవలేదు.

"డాక్టర్‌కు సూపియ్యరాదు? పంజాగుట్టల ఉన్నడట గద," అన్నాడు మా ఆయన.

అప్పుడే నాకా కాగితం గుర్తుకొచ్చింది. నాలుగైదు నెలల కింద ఒక పెద్దమనిషి వచ్చి ఒక మందుల చీటీ కాపీ తీయించాడు. చీటీ పైన ఆవు బొమ్మ, కుక్క బొమ్మ ఉండడంతో చూశాను. "కుక్కకేమైంది సార్?" అంటే "టిక్ ఫీవరమ్మా, గోమార్ల వల్ల వస్తుందట" అన్నాడు. తొందరలో ఉన్నాడు. మొదటి కాపీ మీద నల్లగీత పడితే ఇంకోటి తీసి ఇచ్చాను. గీత పడ్డది రఫ్ కాగితాల కట్టలో పడేశాను. మా షాపులో ఏదీ వృథా పోదు. ఆ కట్ట మొత్తం కింద పరిచి వెతికితే, వెనక వైపు నా చేతిరాతతో కూరగాయల జాబితా ఉన్న ఆ కాగితం దొరికింది. ఆ క్షణంలో నా అంత తెలివైనది అమీర్‌పేటలో లేదనుకున్నాను.

లాబ్రడార్, ముప్పై రెండు కిలోలు. రోజుకు మూడు కాప్సూళ్లు, ఒక చిన్న తెల్లమాత్ర, ఒక టానిక్కు. మా దాన్ని ఎత్తుకుని కాగితాల కట్టలు తూచే కాటా మీద నిలబడ్డాను. తర్వాత నేనొక్కదాన్నే నిలబడ్డాను. తీసేస్తే పదిన్నర వచ్చింది. అంటే మూడో వంతు. కాప్సూల్ ఒకటి. చిన్నమాత్రను బ్లేడుతో మూడు ముక్కలు చేయాలి. టానిక్కు అర చెంచా.

"నువ్వెప్పుడు డాక్టర్‌వైనవే?" అన్నాడు మా ఆయన.

"డాక్టర్ రాసిందే గిది. నా సొంతంది గాదు. పనిజేయని చీటీని పైసలిచ్చి ఎవడన్న కాపీ దీపిస్తడా?"

డబ్బు మిగుల్చుకుందామని చేయలేదు. ఈ మాట ఇన్నేళ్లలో నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అది నిజమే, కానీ దానివల్ల ఒరిగిందేమీ లేదు. ఆ వారం ఏదో సర్టిఫికేషన్ పరీక్ష ఉండి షాపు ముందు లైను కట్టారు. షట్టర్ దించి పోవడానికి మనసొప్పలేదు. దానికి తోడు గర్వం. నాకు తెలుసు, నా దగ్గర కాగితం ఉంది అన్న గర్వం. మందుల దుకాణంవాడు చీటీ ఎవరిదని కూడా అడగలేదు.

మందు మొదలుపెట్టిన రెండో రోజు అది లేచి నిలబడింది. పెరుగన్నం మొత్తం నాకేసి, ఇంకా కావాలన్నట్టు గిన్నెను ముట్టెతో తోసింది. మూడో రోజు ఒక అబ్బాయి చేతిలోని బిస్కెట్ లాక్కుంది. షాపులో ఉన్న పిల్లలు చప్పట్లు కొట్టారు. మా ఆయన సాయంత్రం వచ్చి చూసి, దాని వీపు తట్టాడు. నేను ఊరుకున్నానా? "ఇప్పుడేమంటవ్?" అని రెండుసార్లు దెప్పాను. నాలుగో రోజూ బాగానే తిన్నది. నాకు గుర్తున్నంతలో ఆ షాపులో నేను అంత సంతోషంగా ఉన్న రోజులు అవే. అది ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆరో రోజు పొద్దున గుమ్మం పక్కన మూత్రం పోసింది. చిక్కటి టీ డికాషన్ రంగు. ఎవరో నిజంగానే టీ ఒలకబోశారనుకుని వాళ్లను తిడుతూ గుడ్డ తెచ్చి తుడిచాను. వాసన తగిలాక అర్థమైంది. దాని పెదవి ఎత్తి చూశాను. చిగుళ్లు కాగితంలా తెల్లగా ఉన్నాయి.

లైనులో ఉన్నవాళ్లను బయటికి పొమ్మని షట్టర్ దించాను. ఒకమ్మాయి "అక్కా, నా ఒరిజినల్స్ లోపలున్నయ్" అంటున్నా ఆగలేదు. ఆటోలో ఒళ్లో పెట్టుకుంటే అది ఊపిరి పీలుస్తున్న చప్పుడు ఆటో మోతలో కూడా వినిపించింది. పంజాగుట్ట చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు డ్రైవర్ భుజం పట్టుకుని ఊపేశాను. పాపం అతను మాత్రం ఏం చేస్తాడు.

డాక్టరు పెద్ద వయసాయన. చెవి కొస దగ్గర బొచ్చు తీసి, సూదితో గుచ్చి, ఒక చుక్క రక్తం గాజుపలక మీద పూసి మైక్రోస్కోపు కింద పెట్టాడు. ఆ చుక్క కూడా నీళ్లలా ఉంది. చాలాసేపు చూశాడు. తర్వాత నన్నూ చూడమన్నాడు. గుండ్రటి కణాలు, కొన్నిటి లోపల రెండేసి చిన్న ఊదారంగు గింజలు, తలలు కలుపుకుని కూర్చున్నట్టు.

"ఏం మందులిచ్చిండ్రమ్మా ఇప్పటిదాక?"

చీటీ ఇచ్చాను. ఆయన చదివి, వెనక్కి తిప్పి నా కూరగాయల జాబితా చూసి, మళ్లీ ముందుకు తిప్పాడు.

"ఇది లాబ్రడార్ పేరు మీదున్నది."

"అవు సార్. మూడో వంతే ఏసిన. బరువు తూచిన."

ఆయన కోప్పడలేదు. కోప్పడితే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. "లెక్క బరాబరే చేసినవమ్మా," అన్నాడు. "రోగమే వేరు. గోమారి ఒక్కటే, అది తెచ్చే పురుగులు రెండు మూడు రకాలు. ఒకటి తెల్ల కణాలల్ల ఉంటది, దానికి ఈ కాప్సూళ్లు. మీ దానికున్నది ఎర్ర కణాలల్ల. అవి కణాలను పగలగొట్టుకుంట పోతయి. దీనికి ఇంజెక్షన్ ఉన్నది, కాప్సూల్‌తోని పోదు."

"మరి తిన్నది సార్, లేచి తిరిగింది..."

"గా చిన్నమాత్ర స్టెరాయిడ్. ఆకలి పుట్టిస్తది, జ్వరం దాస్తది. లోపల పురుగు లోపల్నే ఉంటది."

ఇంజెక్షన్ ఇచ్చాడు. కానీ దాని ఒంట్లో రక్తం మిగల్లేదని, మందు పనిచేసేదాకా బతకాలంటే వేరే కుక్క రక్తం ఎక్కించాలని అన్నాడు. ఇరవై ఐదు కిలోలకు తక్కువ కాని, ఏ రోగమూ లేని కుక్క కావాలి. కుక్కలకు రక్తనిధులు లేవు. మనమే వెతికి తెచ్చుకోవాలి. "ఎంత జల్ది తెస్తే గంత మంచిది. సాయంత్రం దాక ఆగుతదని చెప్పలేను," అన్నాడు.

అక్కడి ఫోన్‌తో వర్క్‌షాపుకు చేశాను. ఏడుస్తూ ఏం చెప్పానో తెలియదు. మా ఆయనకు అర్థమైంది. గంటన్నరలో ట్రాలీ ఆటోలో వర్క్‌షాపు యజమాని భాయ్‌నీ, ఆయన కాపలా కుక్కనూ వెంటబెట్టుకుని వచ్చాడు. పెద్ద నల్లకుక్క. కడుపు నిండా తిని పెరిగిన ఒళ్లు. ఆటోలోంచి దూకుతుంటే ముగ్గురు పట్టుకోవలసి వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఫికర్ జేయకు బహెన్," అన్నాడు భాయ్. "ఎంత గావాల్నంటే గంత తీసుకోమను. సింహం అసొంటి నా షేర్‌కు జ్వరం అంటే ఏందో తెల్వది."

డాక్టరు దాని చెవి కూడా గుచ్చాడు. గాజుపలక పెట్టి చూశాడు. ఇంకో చుక్క తీసి మళ్లీ చూశాడు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను.

"దీనికి సుత ఉన్నది."

భాయ్‌కు కోపమొచ్చింది. "ఏం మాట్లాడుతున్నరు సాబ్? గింత జబర్దస్త్‌గున్న జానవర్‌కు బీమారా?"

"గట్టిగున్నది గనుకనే నిలబడ్డది భాయ్. ఎప్పుడో పిల్లప్పుడు వచ్చి పోయుంటది. లోపల కొన్ని మిగులుతయి, అట్లనే మోసుకుంట తిరుగుతది. ఇక్కడ గోమార్లు లేని ఇల్లేది? నా దగ్గరికొచ్చేటియి చాలమటుకు గిట్లనే ఉంటయి. దీని రక్తం ఎక్కిస్తే పురుగును ఎక్కించినట్టే."

భాయ్ తన కుక్క మెడ మీద చెయ్యి వేసి, అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. మా ఆయన ఇంకెవరి దగ్గరైనా పెద్ద కుక్క ఉందేమో చూస్తానని సైకిల్ అడిగి తీసుకుని వెళ్లాడు. నా కుక్క బల్ల మీద పక్కకు పడుకుని ఉంది. కళ్ల తెల్లగుడ్లు పసుపురంగుకు తిరిగాయి. నాకు తెలిసిన పెద్ద కుక్కలేవని బుర్ర బద్దలు కొట్టుకున్నాను. గల్లీలో ఉన్నవన్నీ బక్కవి. హాస్టళ్లలో ఎవరూ పెంచరు. అప్పుడు డాక్టరు తిరిగిచ్చిన ఆ చీటీ చేతిలో నలిగి కనబడింది. లాబ్రడార్, ముప్పై రెండు కిలోలు. కింద పంజాగుట్ట కాలనీ పేరు, ఇంటి నంబరు ఉన్నాయి. పది నిమిషాల దూరం. జబ్బు నయమైన కుక్క, మందులు పూర్తిగా వాడిన కుక్క, అంతకన్నా మంచి రక్తం ఎక్కడుంటుంది? డాక్టరును అడిగి ఉంటే వద్దనేవాడేమో. నేను అడగలేదు. పరుగెత్తాను.

గేటు దగ్గర ఆ పెద్దమనిషే మొక్కలకు నీళ్లు పోస్తున్నాడు. నన్ను గుర్తుపట్టలేదు.

"ఏంటమ్మా? ఎవరు కావాలి?"

"సార్, అమీర్‌పేటల జిరాక్స్ షాపు. మీరు చీటీ కాపీ దీపిచ్చిండ్రు. నా కుక్క సచ్చిపోతున్నది సార్. మీ కుక్క రక్తం జర ఇయ్యుండ్రి. దానికేం గాదట. మీ కాళ్లు మొక్కుత."

ఆయన పైపు కింద పెట్టి, కుళాయి కట్టేసి వచ్చాడు. "మా కుక్క లేదమ్మా," అన్నాడు. "పోయి నాలుగు నెలలు దాటింది."

నేను ఎంత మొద్దునంటే, అప్పటికీ అర్థం కాలేదు. "బండి కింద పడ్డదా సార్?"

"లేదమ్మా. అదే జ్వరం."

"మరి తక్కువైంది గద సార్? చీటీ కాపీ..."

"తగ్గకపోతేనే కదమ్మా కాపీ తీయించింది. ఇంకో డాక్టరు గారికి చూపిద్దామని. ఇంతవరకూ ఏం వాడారో కాగితం పట్టుకురమ్మన్నారు. ఆయన దాని రక్తం చూసి వేరే పురుగండీ అన్నారు. అప్పటికే ఆలస్యమైపోయింది."

గేటు ఊచ పట్టుకున్నాను. ఆయన లోపలికి రమ్మని మెట్ల మీద కూర్చోబెట్టాడు. ఖైరతాబాద్‌లో తన స్నేహితుడికి పెద్ద కుక్క ఉందంటూ వరండాలోని ఫోన్ తీసి నంబరు తిప్పాడు. అవతల మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. పెట్టేసి మళ్లీ తిప్పాడు. అలా రిసీవర్ చెవికి ఆనించుకునే, మాట కోసం మాట అన్నట్టు అడిగాడు. "మీరు ఏం మందులు వాడారమ్మా?"

అబద్ధం చెప్పొచ్చు. ఎవరో డాక్టరన్నా చాలు. నోరు తెరిస్తే నిజమే వచ్చింది.

"మీ చీటీనే సార్. ఒక కాపీ ఖరాబైతే నేను దాసుకున్న."

ఫోన్ మోగుతూనే ఉంది. ఆయన నా వైపు చూడలేదు. ఎదురుగా గోడ వైపు చూస్తూ అడిగాడు. "మధ్యలో మూడు నాలుగు రోజులు బాగా తిన్నదా?"

"తిన్నది సార్."

"మాదీ తిన్నదమ్మా," అని రిసీవర్ పెట్టేశాడు.

తిరిగి వచ్చేసరికి మూడున్నర దాటింది. మా ఆయన ఇంకా రాలేదు. భాయ్ కుక్కను బయట ట్రాలీకి కట్టేసి తను మాత్రం మా బల్ల పక్కనే నిలబడి ఉన్నాడు. దొరికిందా అని ఆయన గానీ డాక్టరు గానీ అడగలేదు. ఒట్టి చేతులతో వచ్చానని కనబడుతూనే ఉంది. భాయ్ పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు.

అది నన్ను చూసింది. తోక కొస కొంచెం కదిలింది. అంత మాత్రం కూడా కదపకుండా ఉంటే బాగుండేదని నేను నిజంగా కోరుకున్నాను. చిగుళ్లలో ఏమైనా రంగు వచ్చిందేమో చూద్దామని దాని మూతి దగ్గరికి చెయ్యి చాపాను. నా వేళ్లు పెదవికి తగలకముందే అది మెల్లగా నోరు తెరిచింది, మాత్ర వేస్తాననుకుని. ఐదారు రోజులుగా నేనే అలవాటు చేశాను. తెరిచిన నోరు మూసుకునే ఓపిక దానికి లేదు. నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. చేతిలో ఏమీ లేదు.